చరవాణిలోని ఎర – ఒక ఆకాంక్షా విచారం

పాటకు లేడి, స్పర్శకు ఏనుగు, దీపకాంతికి మిడుత, పరిమళానికి తుమ్మెద, రుచికి చేప లోబడి నశిస్తాయని పెద్దలు చెప్పిన దృష్టాంతం భక్తులందరికీ సుపరిచితమే. ప్రవచనాలలో దీనిని ఇంద్రియనిగ్రహాన్ని బోధించడానికి వినియోగిస్తారు. ఒక్కొక్క ఇంద్రియానికి వశమైన ప్రాణికే ఈ గతి పడితే, ఐదింటికీ వశమైన మానవుని సంగతి ఏమిటన్న ప్రశ్నతో ఆ ఘట్టం ముగుస్తుంది. నేనూ అనేక సంవత్సరాలు ఆ విధంగానే చెబుతూ వచ్చాను. అయితే ఆ దృష్టాంతంలో సాధారణంగా విచారణకు రాని అంశం ఒకటి ఉన్నది. అది వేటగాని తెలివి. వాడు లేడికి పిండిముద్ద చూపడు, చేపకు వేణువు వినిపించడు. ఏ ప్రాణి దేనిని కోరుతుందో ముందుగా తెలుసుకొని, ఆ కోరికనే ఎరగా కూర్చి పెడతాడు.

మన కృష్ణాతీరంలో గాలం వేసేవారికి ఏ జాతి చేప వానపాముకు వస్తుందో, ఏ జాతి చేప పిండికి వస్తుందో బాగా తెలుసు. ఆ తెలివి జాతితో ఆగిపోతుంది. నీటిలో ఉన్న ఫలానా చేప నిన్న ఏమి తిన్నదో, ఎంతసేపు ఎక్కడ ఆగిందో, దేనికి బెదిరి పారిపోయిందో వారికి తెలియదు. ఈనాడు మన చేతిలోని చరవాణిలో గాలం వేసేవానికి అదంతా తెలుసు. మనచేత బొమ్మను నొక్కించడమే ప్రయోజనంగా పెట్టిన శీర్షికలను, చిత్రాలను ఆంగ్లంలో క్లిక్‌బెయిట్ అంటారు. మన మాటలో నొక్కించే ఎర అనుకోవచ్చు. ఊరందరికీ ఒకే ఎర వేయడం పాత పద్ధతి. ఎవరి ఎర వారికి వేయడం నేటి పద్ధతి.

ఇది ఊహ కాదని తెలుసుకోవడానికి గత కార్తీకంలో ఒక సాయంకాలం మా ఇంటి అరుగు మీద మూడు ఫోన్లు పక్కపక్కన పెట్టించాను. ఒకటి నాది, ఒకటి నా మనుమరాలిది, మూడవది మా ఎదురింటి మిరప రైతుది. మూడింటిలోనూ యూట్యూబ్ తెరిపించాను. నా ఫోనులో కాశీయాత్ర, మోకాళ్ల నొప్పులకు ఆకుపసరు, ఒక వ్యాకరణ ప్రసంగం కనిపించాయి. మనుమరాలి ఫోనులో ఉద్యోగ పరీక్షల ప్రకటనలు, సినిమా నటుల వివాహ వార్తలు ఉన్నాయి. రైతు ఫోనులో గుంటూరు యార్డులో మిరప ధర ‘ఒక్కసారిగా’ ఏమైందో చూడమని ఒకటి, తామర పురుగుకు ‘ఎవరూ చెప్పని’ మందు అని ఒకటి, పది నిమిషాలలో అప్పు అని ఒకటి. ఒకే ఊరు, ఒకే అరుగు, ఒకే సమయం. ముగ్గురికీ మూడు లోకాలు. నాకు మోకాళ్ల నొప్పులున్నవని ఆ యంత్రానికి నేను ఎన్నడూ చెప్పలేదు. కాని ఆ విషయమైన వీడియోలను నేను చివరివరకు చూశాను. దానికి అంతే చాలు.

ఆ లెక్క ఇలా జరుగుతుంది. మనం ఏది నొక్కామన్నదే కాక, నొక్కినదాని వద్ద ఎంతసేపు ఉన్నాము, దేనిని దాటవేశాము, ఏమి వెదికాము, ఏ వేళలో చూశాము అన్నవన్నీ నమోదవుతాయి. మనవంటి అలవాట్లున్న వేలాది మందితో పోల్చి, వారు దేనికి లొంగారో దానిని మన ముందు ఉంచుతుంది. వస్తువే కాదు, దాని ముఖచిత్రం కూడా మారవచ్చు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2017 డిసెంబరులో తన పద్ధతిని తానే వివరించింది. ఒకే చలనచిత్రానికి ప్రేమకథలు ఇష్టపడేవారికి నాయికానాయకులున్న చిత్రాన్నీ, హాస్యం ఇష్టపడేవారికి అందులోని హాస్యనటుని చిత్రాన్నీ చూపుతామని ఉదాహరణ ఇచ్చింది. అక్కడ చలనచిత్రమైతే నిజంగా ఉన్నది. మనం విచారించేది లోపల ఏమీ లేకుండా, ముఖం మాత్రం ప్రతివానికీ తగినట్లుగా మార్చుకొనే వస్తువును గురించి.

హితోపదేశంలోని ముసలిపులి కథ మా తరంవారికి చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా బాల్యంలోనే కంఠస్థం. స్నానం చేసి, దర్భలు చేతబట్టి, బంగారు కంకణం చూపుతూ చెరువుగట్టున కూర్చున్న పులిని మనం గుర్తుంచుకున్నాం. సంస్కృత మూలంలో పులి బాటసారితో అన్న ఒక మాటను అంతగా గుర్తుంచుకోలేదు. నీవు మిక్కిలి పేదవాడవు, అందుచేతనే దీనిని నీకు ఇవ్వాలని ప్రయత్నిస్తున్నాను అంటుంది అది. దానమని ఊరక చెప్పలేదు. వాని దారిద్ర్యాన్ని చూసి, ఆ దారిద్ర్యాన్నే కారణంగా చూపింది. కంకణం కంటె ఆ మాటే వానిని బురదలోకి దించిందని నా అభిప్రాయం.

కాకతాళీయం కాదన్న మాట

ఈ వ్యాసం వ్రాయడానికి కారణమైన సంగతి ఒకటి చెప్పాలి. మా మాచవరం మండలంలోని ఒక గ్రామం నుండి ఒక భక్తురాలు ఆలయానికి వస్తుంటారు. ఆమె పేరు చెప్పడం భావ్యం కాదు. కుమార్తెకు వివాహం ఆలస్యమవుతున్నదన్న బెంగ ఆమెకు ఉన్నది. ఒకనాడు ఉదయం అర్చన అయ్యాక నా దగ్గరికి వచ్చి, “శాస్త్రిగారూ, అమ్మవారే నాతో మాట్లాడిందండీ. హోమానికి ఇరవై ఒక్క వేలు కావాలంట. గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మంచి రోజు చెప్పండి” అన్నారు.

అమ్మవారు ఏ విధంగా మాట్లాడిందమ్మా అని అడిగాను. ఫోను తీసి చూపించారు. రాత్రి నిద్రపట్టక వీడియోలు చూస్తూంటే ఒకటి వచ్చిందట. అమ్మవారి విగ్రహం, ఎర్రటి అక్షరాలు. ‘ఈ వీడియో మీ కంటపడిందంటే అది కాకతాళీయం కాదు. మీ ఇంట్లో పెళ్లి కాని ఆడపిల్ల ఉంటే వెంటనే చూడండి.’ చూశారు. చివర ఒక లింకు. దానిలో గోత్రం, నక్షత్రం, ఫోను నంబరు నింపారు. మరునాడు ఎవరో ఫోను చేసి, “అమ్మాయి పెళ్లి గురించి బెంగగా ఉన్నారు కదమ్మా” అన్నారట. ఆ మాటతో ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. మనసులోని మాట తెలిసినవారు దైవసంబంధం లేనివారు ఎలా అవుతారని ఆమె తర్కం. పరిశీలన దక్షిణ అని రూ.5,100 అప్పటికే పంపించారు.

ఆ తర్కాన్ని తేలికగా తీసివేయడానికి వీలులేదు. ఇక్కడ ఆమె అమాయకత్వాన్ని చూసి నవ్వేవారు తమ ఫోనులో తమకు వేసిన ఎరను ఇంకా గుర్తించలేదని అర్థం. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి సంభవిస్తే వాటికి కార్యకారణ సంబంధం ఉన్నదనుకోవడం పొరపాటని కాకతాళీయ న్యాయం చెబుతుంది. ఆ వీడియో తయారుచేసినవాడు కాకతాళీయం కాదన్నాడు. ఆ ఒక్క మాట సత్యం. నిజంగానే అది యాదృచ్ఛికంగా ఆమె కంటపడలేదు. మూడు నెలలుగా ఆమె వివాహ విషయమైన వీడియోలనే చూస్తున్నారు, కళత్రదోషమన్న మాటను పలుమార్లు వెదికారు. కారణం ఉన్నది. కాని ఆ కారణం అమ్మవారు కాదు. సత్యమైన ఒక వాక్యాన్ని అసత్యమైన కారణంతో ముడిపెట్టడమే అక్కడ జరిగిన మోసం. ఫోను చేసినవాడు మనసు చదవలేదు. ఆ పత్రం నింపినవారందరూ ఆడపిల్ల పెళ్లి కోసమే నింపారు. వాడు అందరితోనూ ఆ మాటే అంటాడు.

ఆమెతో నేను చెప్పింది ఇది. “అమ్మా, అంతర్యామి అన్న మాట మీరు విన్నదే. లోపల ఉండి సమస్తం ఎరిగినవాడు. ఆయనకు మీ నక్షత్రం రాసి పంపనక్కరలేదు. మీరు ఏ వీడియో ఎంతసేపు చూశారో లెక్కపెట్టి మీ దుఃఖాన్ని కనుగొనవలసిన అవసరం ఆయనకు లేదు. వెంట తిరిగి లెక్క వ్రాసుకొనేవానిని వేగులవాడు అంటాము గాని దేవుడనము.” ఆమె చాలాసేపు మాట్లాడలేదు. గాజులు తాకట్టు పడలేదు. మొదట పంపిన సొమ్ము తిరిగి రాలేదు.

ధన నష్టం కంటె నాకు ఎక్కువ బాధ కలిగించినది మరొకటి. ఆ తరువాత కొన్ని వారాలపాటు ఆమె ఆలయంలో కూడా మనసు నిలుపలేకపోయారు. నిజమైన అనుగ్రహం ఏదో, ఎర ఏదో తెలియని సందేహం ఆమెకు పట్టుకున్నది. భక్తుని ధనాన్ని దొంగిలించిన దొంగలు పూర్వమూ ఉన్నారు. భక్తుని శ్రద్ధ మీదనే గాలం వేసినవారిని ఇంత సంఖ్యలో ఇప్పుడే చూస్తున్నాం.

ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

ఈ శీర్షికలను పరిశీలించినప్పుడు నాకు చిన్ననాట చదివిన తర్కసంగ్రహం గుర్తుకువచ్చింది. అన్నంభట్టు రచించిన ఈ గ్రంథం నేటికీ తర్కశాస్త్రంలో ప్రథమ పాఠం. ఒక వాక్యం మనకు అర్థం కావాలంటే పదాలకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని అందులో చెబుతారు. ఒక పదం మరొక పదం లేనిదే అర్థాన్ని పూర్తిచేయలేకపోవడం ఆకాంక్ష. ‘తీసుకొని రా’ అంటే దేనిని అన్న ప్రశ్న శ్రోతలో తప్పక పుడుతుంది. ‘ఆవును’ అన్న పదం వచ్చేవరకు ఆ బుద్ధి ఆగదు.

నొక్కించే ఎర అంతా ఈ ఆకాంక్ష మీద నడుస్తున్నది. ‘ఈ ఒక్క వస్తువు ఇంట్లో ఉంటే...’ అని ఆపుతారు. ఏ వస్తువు? ఉంటే ఏమవుతుంది? వాక్యాన్ని కావాలని అసంపూర్ణంగా విడిచి, పూర్తిచేసే పదాన్ని తలుపు వెనుక పెట్టారు. మన బుద్ధి దోషమేమీ లేదు, వాక్యాన్ని పూర్తిచేయాలని కోరడం దాని స్వభావం. అమెరికాలో జార్జ్ లోవెన్‌స్టీన్ అనే పండితుడు 1994లో ప్రకటించిన సిద్ధాంతం కూడా దీనికి సమీపంగానే ఉన్నది. తెలిసినదానికీ తెలుసుకోగోరినదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడు కుతూహలం పుడుతుందని ఆయన ప్రతిపాదన. బొత్తిగా తెలియని విషయంలో కుతూహలం ఉండదు. కొంచెం తెలియాలి, కొంచెం దాగాలి. అందుకే ఎర వేసేవాడు మనకు ముందే తెలిసినదానిని, మన మిరపను, మన మోకాళ్లను, మన బిడ్డ పెళ్లిని ముందుపెట్టి, మిగిలినది దాస్తాడు. ఎవరి ఎర వారికి వేయడంలోని రహస్యం ఇదే.

రెండవది యోగ్యత. పదాల అర్థాలకు పరస్పర విరోధం లేకపోవడం. అగ్నితో తడుపుతున్నాడు అన్న వాక్యానికి యోగ్యత లేదని పాఠశాలలో మొదటనే చెబుతారు. తడపడానికి అగ్నికి అర్హత లేదు. ఒక్క రాత్రిలో అప్పులన్నీ తీర్చే దారపుపోగు, రూపాయి ఖర్చు లేకుండా ఇంటికి వచ్చే బంగారు నాణెం, టికెట్లు అయిపోయిన తరువాత కూడా ప్రత్యేకంగా మీకే మిగిల్చి ఉంచిన దర్శనం, ఇవన్నీ అగ్నితో తడిపే వాక్యాలే. పదాలు వ్యాకరణబద్ధంగా ఉంటాయి. అర్థం పొసగదు.

సన్నిధి అంటే పదాలను ఆలస్యం లేకుండా పలకడం. జాముకొక్క పదం చొప్పున పలికితే వాక్యార్థం తెలియదు. ‘వీడియో చివరివరకు చూడండి’ అనే వారి పద్ధతిని నేను గడియారం పెట్టి చూశాను. పన్నెండు నిమిషాల వీడియోలో అడిగిన ప్రశ్నకు జవాబు పదకొండవ నిమిషంలో ఒక్క వాక్యంగా వచ్చింది. నడుమ మూడు ప్రకటనలు. ఆ జవాబు ఇంట్లో పగిలిన అద్దం ఉంచరాదన్నది. మా అమ్మమ్మ దానిని వీధి ఊడ్చేటప్పుడు చెప్పేది.

కాబట్టి ఎర కనిపించినప్పుడు నేను చేయమనేది ఒకటే. నొక్కకముందు ఆ వాక్యాన్ని నోటితో పూర్తిచేసి చూడండి. ‘ఈ వస్తువు ఉంటే ఏమవుతుంది?’ అని పైకే అడిగి, ‘దరిద్రం వస్తుందంటాడు’ అని మీరే జవాబు చెప్పుకోండి. పదింట తొమ్మిదిసార్లు మీరు చెప్పినదే లోపల ఉంటుంది. ఆకాంక్ష తీరిన తరువాత వేలు ఆ వైపు పోదు. మా ఎదురింటి రైతుకు ఇది నేర్పాను. మిరప ధర ‘ఒక్కసారిగా ఏమైంది’ అని కనిపించగానే, “పెరగనన్నా పెరిగుండాలి, తగ్గనన్నా తగ్గుండాలి” అని పైకి అంటాడు. తరువాత యార్డులో తెలిసిన కమీషన్ వ్యాపారికి ఫోను చేస్తాడు.

ఫలశ్రుతి మాటేమిటి?

ఈ విషయం మండపంలో చెప్పినప్పుడు ఒక యువకుడు లేచి మంచి ప్రశ్న వేశాడు. “శాస్త్రిగారూ, మన వ్రతకథలు, స్తోత్రాలు కూడా ఆశ చూపుతున్నాయి కదా. చదివితే ధనం, వింటే సంతానం అని. అది ఎర కాదా?”

దాటవేయదగిన ప్రశ్న కాదు. చేదు మందు తాగించడానికి పిల్లవాని నాలుకకు బెల్లం రాయడాన్ని గుడజిహ్వికా న్యాయం అంటారు. మీమాంసకులు ప్రశంసావాక్యాలను ఈ విధంగా సమర్థించారు. ఆకర్షణ మన సంప్రదాయంలో ఉన్నదని ఒప్పుకోవలసిందే. అయితే ఫలశ్రుతి ఎక్కడ ఉంటుందో చూడండి. స్తోత్రమంతా అయిన తరువాత, చివర. ఇవ్వవలసినదంతా చేతిలో పెట్టి, ఆ తరువాత దాని గొప్ప చెబుతారు. ఏదీ దాచలేదు. పైగా అది చదివేవాని ముఖం చూసి మాట మార్చదు. సంతానం లేనివానికి ఒకటి, అప్పులవానికి మరొకటి చూపదు. అందరికీ అదే శ్లోకం. బెల్లం వెనుక మందు ఉన్నది, మందు పోసేది తల్లి. నొక్కించే ఎరలో బెల్లం రాసి, నాలుక చాచి ఉండగానే మరొక బెల్లం చూపుతారు. మందు రాదు.

ఇక్కడ మనవారిని కూడా మందలించవలసి ఉన్నది. భక్తి పేరుతో నడిచే ఛానెళ్లలో ‘గర్భాలయంలో వణికించిన ఘటన’, ‘ఈ రోజు పొరపాటున కూడా ఈ పని చేయకండి’ వంటి శీర్షికలు పెట్టేవారిలో వేదం చదువుకున్నవారూ ఉన్నారు. మా ఆలయానికి వీడియోలు తీసే పిల్లలు మహాశివరాత్రి అభిషేకానికి ‘స్వామి కన్ను తెరిచిన క్షణం’ అని పేరు పెట్టబోయారు. మహాశివరాత్రి రుద్రాభిషేకం, తేదీ, సమయం అని పెట్టించాను. చూసినవారు చాలా తక్కువ. ఆ పిల్లలు కొంత నొచ్చుకున్నారు. చూసినవారికి మాత్రం శీర్షికలో ఉన్నదే లోపల దొరికింది. చెప్పినది చెప్పినట్లుగా ఉండేవానినే శాస్త్రం ఆప్తుడు అంటుంది. దేవాలయం తన భక్తులకు ఆప్తస్థానంలో ఉండాలి, వీక్షకుల సంఖ్య కోసం ఆ స్థానాన్ని విడువకూడదు.

చిరునామా కూడా ఒక సమాసమే

యాత్రికుల విషయంలో ఈ ఎర మరింత ప్రమాదకరం. శ్రీవారి దర్శనం గురించి ఒకసారి వెదికితే, ఆ తరువాత కొన్నాళ్లు టికెట్ల ప్రకటనలు మనను వెంబడిస్తాయి. వాటిలో నకిలీవి కలుస్తాయి. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఒక నకిలీ వెబ్‌సైటుపై ఫిర్యాదు చేసినప్పుడు, అప్పటికి అది 41వదని ప్రకటించింది. నాటి అసలు చిరునామా తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్. నకిలీవాడు పెట్టినది తిరుపతిబాలాజీ, ఏపీ, జీవోవీ అనే మూడు మాటలను అడ్డగీతలతో కలిపి, చివర డాట్ ఆర్గ్.

వ్యాకరణం చదివినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. తత్పురుష సమాసంలో ఉత్తరపదమే ప్రధానం. రాజపురుషుడు అంటే రాజు కాడు, పురుషుడు. ముందు ఎంత గొప్ప మాట ఉన్నా చివరి పదాన్ని బట్టే వస్తువు తెలుస్తుంది. వెబ్ చిరునామాకు కూడా ఇదే నియమం. మొదటి ఏటవాలు గీతకు ముందు చివరన ఉన్న పదాలే దాని యజమానిని చెబుతాయి. జీవోవీ డాట్ ఇన్ అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. డాట్ ఆర్గ్ అనేది ఎవరైనా కొనుక్కోవచ్చు. అలాగని ఆర్గ్ అన్నదంతా నకిలీ కాదు. సోమనాథ ట్రస్టు అసలు చిరునామా కూడా డాట్ ఆర్గ్‌తోనే ముగుస్తుంది. ప్రభుత్వపు మాటను పూర్వపదంలో తగిలించుకొని, చివర మరొకటి పెట్టుకున్నదానిని అనుమానించాలి. 2024 జనవరి నుండి తిరుమల దేవస్థానం చిరునామా టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్‌గా మారింది. ఇందులో టీటీ తరువాత దేవస్థానమ్స్ అన్న మాట మొత్తం ఆంగ్లాక్షరాలలో కలిసే ఉంటుంది. ప్రకటనను నొక్కి వెళ్లకుండా, ఈ పేరును స్వయంగా టైపు చేసి వెళ్లడం మేలు.

కేదారనాథ్ వెళ్లగోరే మన ప్రాంతపువారికి కూడా ఒక మాట. చార్‌ధామ్ యాత్రికులకు హెలికాప్టర్ టికెట్లు, వసతి గృహాలు, తీర్థయాత్రల ప్యాకేజీల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు, ఫేస్‌బుక్ పోస్టులు, గూగుల్‌లో డబ్బు కట్టి పెట్టిన ప్రకటనల ద్వారా మోసాలు జరుగుతున్నాయని 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖకు చెందిన భారత సైబర్ నేర సమన్వయ కేంద్రం హెచ్చరించింది. వెదికినప్పుడు అన్నిటికంటె పైన వచ్చినది అన్నిటికంటె నమ్మదగినదని మనవారికి ఒక భావన ఉన్నది. పైన ఉన్నది చాలాసార్లు డబ్బు కట్టినవానిది.

రాజశాసనం ఏమీ చేయడం లేదనడం సరికాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయోపాయాలను పేర్కొని నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. ఒకటి చూపి మరొకటి అంటగట్టడం, లేని తొందర పుట్టించడం, ప్రకటనను వార్తవలె వేషం మార్చి చూపడం వాటిలో ఉన్నాయి. లోపల లేనిదానిని శీర్షికలోనో ముఖచిత్రంలోనో చూపే వీడియోలను, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, తొలగిస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో మన దేశాన్ని ఉద్దేశించే ప్రకటించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏండ్ల లోపు పిల్లల నడవడిని కనిపెట్టి వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరగవలసి ఉన్నది. ఐరోపా సమాఖ్యలో పెద్ద సంస్థలు, వ్యక్తి అలవాట్లను లెక్కించకుండా వస్తువులు చూపే మార్గాన్ని కూడా వినియోగదారునికి ఇవ్వాలన్న శాసనం ఉన్నది. మనకూ అది రావాలని నా కోరిక.

అంతవరకు మన చేతిలో ఉన్నదానిని చేసుకోవచ్చు. యూట్యూబ్ సెట్టింగులలో చూసిన వీడియోల చరిత్రను చెరిపి, ఇకపై నమోదు కాకుండా నిలిపివేసే ఏర్పాటు ఉన్నది. అలా చేస్తే తెరవగానే కనిపించే మొదటి పుట దాదాపు ఖాళీ అవుతుంది. మనం వెదికినదే వస్తుంది. చరిత్ర నిలపడం ఇష్టంలేనివారు, ఎర కనిపించినప్పుడు దాని పక్కనున్న మూడు చుక్కలను నొక్కి, ఆ ఛానెల్‌ను ఇక సూచించవద్దని చెప్పవచ్చు. గూగుల్ ఖాతాలో ప్రకటనల విభాగంలోకి పోయి, మన అలవాట్లను బట్టి ప్రకటనలు చూపడాన్ని ఆపవచ్చు. ప్రకటనలు ఆగవు గాని, మన దుఃఖాన్ని గురిచూడడం ఆగుతుంది. నేను ఇవన్నీ మనుమరాలిచేత చేయించాను. పది నిమిషాలు పట్టింది. నేను చెప్పిన భక్తురాలి ఫోనులో కూడా ఆ పిల్లే చేసిపెట్టింది. మొదటి రోజు ఖాళీ పుట చూసి ఫోను పాడైందనుకొని ఆమె మళ్లీ వచ్చారు. పాడవలేదమ్మా, మీరు ఏమడుగుతారోనని ఎదురుచూస్తున్నది అన్నాను. అన్నమయ్య కీర్తనలు అడిగారు.

ధనం పోయినవారు సిగ్గుపడి దాచుకోకుండా, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్ము మరొక ఖాతాకు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ చిరునామా ముగింపును కూడా కుడివైపు నుండి చదివి చూసుకోండి.

దాతలకు ప్రత్యేకంగా ఒక మనవి. అయోధ్య ప్రతిష్ఠకు కొద్దిరోజుల ముందు, 2023 డిసెంబరు చివరలో, మందిరం పేరుతో క్యూఆర్ కోడ్ పంపి విరాళాలు దండుకుంటున్నారని విశ్వహిందూ పరిషత్ హెచ్చరించవలసి వచ్చింది. ఒకసారి ఏదైనా ఆలయానికి ఆన్‌లైన్‌లో విరాళం ఇచ్చినవారికి అటువంటి ఎరలు మరింతగా రావచ్చు. ఏ కోడ్ అయినా చూపిన తరువాత, సొమ్ము పంపడానికి ముందు తెరపై గ్రహీత పేరు కనిపిస్తుంది. అక్కడ సంస్థ పేరు కాక వ్యక్తి పేరు ఉంటే ఆగండి. ఏ ఆలయానికి ఇవ్వదలిచారో ఆ ఆలయ కార్యాలయానికి ఫోను చేసి అడగండి. సొమ్ము ఇచ్చాక రసీదు తీసుకోండి, దానిపై సంఖ్య, తేదీ, సంస్థ ముద్ర ఉన్నాయేమో చూసుకోండి. రసీదు అడిగిన దాతను ఏ ధర్మకర్తా తప్పుపట్టడు.